పెద్ద టైర్ల కోసం బండి ఎత్తు పెంచాలా? ఏ పద్ధతిలో ఎంత ప్రమాదం

థార్, జిమ్నీ, గుర్ఖా, బొలెరో... ఏది కొన్నా కొన్నాళ్లకు చాలామందికి ఒకటే కోరిక పుడుతుంది: పెద్ద టైర్లు వేయించాలి, అవి పట్టేలా బండిని రెండంగుళాలు లేపించాలి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ కోరికకు కారణాలు కూడా ఉన్నాయి. ఉద్దానం జీడితోటల్లో ఇసుక బాటలు, తీరం వెంట సరుగుడు తోటల దారులు, మందస దాటాక మహేంద్రగిరి వైపు రాళ్లు, సీతంపేట, సాలూరు కొండల్లో వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి, అడుగడుగునా గెడ్డలు (కొండ వాగులు). కానీ ఆదివారం ఆ దారుల్లో తిరిగిన బండే సోమవారం ఎన్‌హెచ్ 16 మీద తొంభైలో పోతుంది. ఎత్తు పెంచిన బండి ప్రాణం తీసేది ఎక్కువగా అక్కడే. అందుకే ఈ ఎంపికను గెడ్డ దగ్గర కాకుండా హైవే మీద బేరీజు వేయాలి.

ముందు తెలియాల్సింది: ఎత్తు పెంచితే ఏం లేస్తుంది?

వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా కిందికి వేలాడే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే పళ్ల అమరిక) హౌసింగే చాలా బండ్లలో రాళ్లకు ముందు తగిలేది. అది స్ప్రింగుల కింద ఉంటుంది. స్ప్రింగుల్ని ఎంత పొడవు చేసినా అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ వ్యాసంలో వచ్చే తేడాలో సగం. థార్‌కు కంపెనీ ఇచ్చే 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మి.మీ. దాని స్థానంలో 265/75 ఆర్16 వేస్తే 804 మి.మీ. తేడా 30, హౌసింగ్ కింద పెరిగేది 15 మి.మీ. మాత్రమే.

సస్పెన్షన్ లిఫ్ట్, అంటే స్ప్రింగుల దగ్గర ఎత్తు పెంచడం, లేపేది చాసిస్‌నీ బాడీనీ. దానివల్ల గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు, దిగేటప్పుడు వెనక బంపరు, మధ్యలో పొట్ట భాగం తగలకుండా ఉంటాయి. పెద్ద టైరు తిరగడానికి ఆర్చ్ లోపల చోటు దొరుకుతుంది. కొత్త థార్‌లో ముందు డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అది కూడా లేస్తుంది. జిమ్నీలో ముందూ వెనకా రెండూ నిండు ఇరుసులే (ఎడమ కుడి చక్రాలను కలిపే ఒకే కడ్డీ), కాబట్టి రెండు హౌసింగులూ ఉన్నచోటే ఉంటాయి. మీ బండికి ఇప్పటిదాకా కింద ఏది తగిలిందో ఒకసారి వంగి గీతలు చూడండి. హౌసింగ్ మీదే గీతలుంటే ఆ సమస్యకు లిఫ్ట్ కిట్ పరిష్కారం కాదు.

దేనితో కొలవాలి

మొదటిది బోల్తా. నాలుగు చక్రాల బండి పక్కకు తిరగబడకుండా నిలవడం రెండు కొలతల మీద ఆధారపడుతుంది: ఎడమ కుడి టైర్ల మధ్య దూరం, గరిమనాభి (బండి బరువుకు కేంద్రం) ఎత్తు. మొదటిదాన్ని రెండోదానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేదే స్థిరత్వ నిష్పత్తి; అది ఎంత తగ్గితే బండి అంత తేలిగ్గా బోల్తా పడుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ బండ్లకు బోల్తా రేటింగు ఇవ్వడానికి వాడేది ఇదే. మామూలు కార్లు చాలావరకు 1.30–1.50 మధ్య ఉంటాయి, ఎస్‌యూవీలు 1.00–1.30 మధ్య. టైర్ల మధ్య 1520 మి.మీ. దూరం, 1750 కిలోల బరువు, 700 మి.మీ. గరిమనాభి ఎత్తు ఉన్న బండిని ఉదాహరణగా తీసుకుని వేసిన లెక్క ఇది:

| బండి స్థితి | గరిమనాభి ఎత్తు (మి.మీ.) | నిష్పత్తి |
|---|---|---|
| కంపెనీ ఎత్తు | 700 | 1.09 |
| కంపెనీ ఎత్తు, టాప్ క్యారియర్ మీద 60 కిలోలు | 740 | 1.03 |
| 50 మి.మీ. లిఫ్ట్, 265/75 ఆర్16 | 755 | 1.01 |
| అదే లిఫ్ట్, క్యారియర్ మీద 60 కిలోలు | 795 | 0.96 |
| 75 మి.మీ. లిఫ్ట్, 285/75 ఆర్16 | 790 | 0.96 |

రెండో వరస చాలామంది ఊహించనిది. ఎత్తు పెంచకపోయినా, క్యారియర్ మీద స్టెప్నీ, రెండు డీజిల్ క్యాన్లు కట్టినంత మాత్రాన నలభై మిల్లీమీటర్లు పైకి పోయినట్టే. లిఫ్ట్ చేసి, క్యారియర్ కూడా నింపితే మూడంగుళాల లిఫ్ట్ చేసిన బండితో సమానం. నిజమైన రోడ్డు మీద స్ప్రింగులు ఒరగడం, టైరు నలగడం కూడా కలుస్తాయి కాబట్టి ఈ అంకెలు చెప్పే దానికన్నా ముందే బండి ఒక పక్క చక్రాలు లేచి తిరగబడుతుంది. రణస్థలం దగ్గరో ఎచ్చెర్ల దగ్గరో గేదె అడ్డొచ్చినప్పుడు స్టీరింగును ఒక పక్కకు కోసి వెంటనే రెండో పక్కకు లాగుతాం. ఆ రెండో లాగుడులోనే ఇలాంటి బండ్లు పడతాయి.

రెండోది బ్రేకులు. టైరు వ్యాసం ఎంత శాతం పెరిగితే, అదే దూరంలో ఆపడానికి డిస్కు అంత శాతం ఎక్కువ పట్టాలి. 774 నుంచి 834కు పోతే అది దాదాపు 8 శాతం. టైరు, రిమ్ము బరువు పెరగడం వల్ల పడే భారం దీనికి అదనం. సాలూరు ఘాటూ, ఎస్.కోట నుంచి అరకు ఎక్కే ఘాటూ దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కూడా అంతే శాతం తగ్గుతుంది. ఇదివరకు మూడో గేరులో దిగిన వంపును రెండో గేరులో దిగాల్సి వస్తుంది, లేదంటే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది.

మూడోది స్టీరింగు, జాయింట్ల కోణాలు. నాలుగోది చట్టం, బీమా. అయిదోది మన ఊళ్లో దొరికే పనితనం. ఇవి ఒక్కో పద్ధతిలో ఒక్కోలా దెబ్బతింటాయి కాబట్టి అక్కడే చూద్దాం.

1. ఎత్తు ముట్టుకోకుండా, అదే సైజులో ఏటీ టైర్లు

నూటికి తొంభై మందికి ఇదే సరైనదని నా గట్టి నమ్మకం. కంపెనీ సైజులోనే రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఏటీ టైర్లు వేయించి, గాలి తగ్గించడం నేర్చుకోవడం. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు, రాయి మీద జారదు. రాళ్ల దారికి 24–26 పీఎస్ఐ, మెత్తని ఇసుకకు 15–18 పీఎస్ఐ. 15 కన్నా దిగితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి తగ్గించినంతసేపు వేగం 30 దాటకూడదు. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత కొట్టాలి. తక్కువ గాలితో హైవే మీద పోతే టైరు పక్కగోడ వేడెక్కి చీలిపోతుంది. బ్యాటరీకి నేరుగా తగిలించే 12 వోల్టుల కంప్రెసరు, ఒక మంచి గేజీ ఉంటే చాలు. లిఫ్ట్ కిట్ ఖర్చులో ఇది చాలా చిన్న భాగం.

ఎంటీ టైర్లు, అంటే బురద కోసం చేసినవి, చూడటానికి బాగుంటాయి, బురదలో వాటికి తిరుగు లేదు. కానీ పెద్ద దిమ్మల మధ్య సన్నని గాట్లు తక్కువ కాబట్టి తడి తారు మీద పట్టు తగ్గుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. అక్టోబరు వానల్లో హైవే మీద తిరిగే బండికి నేను వాటిని చెప్పను.

2. ఎత్తు పెంచకుండా కాస్త పెద్ద టైరు

వ్యాసం 3 శాతం లోపు పెరిగితే మిగతా వ్యవస్థలు సాధారణంగా తట్టుకుంటాయి. జిమ్నీ 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ.; 215/75 ఆర్15 అంటే 703 చిల్లర, తేడా ఒకటిన్నర శాతం. రెండోది బొలెరో సైజు కాబట్టి పలాసలోనైనా రాజాంలోనైనా టైరు దొరుకుతుంది. దారిలో టైరు కోసుకుపోతే ఆ విలువ తెలుస్తుంది. థార్‌కు కంపెనీయే 245/75 ఆర్16, 255/65 ఆర్18 రెండూ ఇస్తోంది; రెండోది వ్యాసంలో సుమారు 15 మి.మీ. పెద్దది.

చూడాల్సినవి మూడు. టైరు మీద లోడ్ ఇండెక్సు పాత టైరు కన్నా తగ్గకూడదు (104 అంటే టైరుకు 900 కిలోలు, 110 అంటే 1060). ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, స్టీరింగు రెండు పక్కలకూ చివరిదాకా తిప్పి, లోపలి ప్లాస్టిక్‌కీ చాసిస్‌కీ రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. స్టెప్నీతో కలిపి అయిదూ ఒకే సైజు ఉండాలి. ఫోర్ వీల్ వేసినప్పుడు ఒక టైరు వేరే సైజైతే ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, క్రాసులు బిగుసుకుని పాడవుతాయి. థార్, జిమ్నీల్లో స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది. బరువైన టైరు తగిలిస్తే కొన్నాళ్లకు తలుపు కబ్జాలు వాలిపోతాయి.

3. స్పేసర్లు, టార్షన్ బార్ బిగింపు, పొడవు షాకిళ్లు

చవకైన లిఫ్ట్ ఇదే, ఎక్కువ అనర్థాలు తెచ్చేదీ ఇదే. స్ప్రింగు మీదో షాక్ అబ్సార్బర్ తల మీదో ఒక దిమ్మ పెట్టి బండిని లేపుతారు. షాకు పొడవు మారదు. ముందు స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లలో షాకు, కింది ఆర్మ్ మధ్యలో బిగించి ఉంటుంది. కాబట్టి పైన 25 మి.మీ. దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు వస్తుంది. బేరం బాగుందనిపిస్తుంది. కానీ చక్రం గుంతలో పూర్తిగా వేలాడినప్పుడు పై బాల్ జాయింటు తన హద్దు దాటి వంగుతుంది. ముందు చక్రానికి శక్తినందించే సీవీ జాయింటు ఎప్పుడూ వంకరలోనే తిరుగుతుంది. ముందు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్ముతుంది, తర్వాత ఇసుక చేరుతుంది, ఆ తర్వాత స్టీరింగు తిప్పినప్పుడల్లా టకటక శబ్దం. చక్రం పైకి నెట్టుకున్నప్పుడు రబ్బరు స్టాపు తగలకముందే షాకు లోపల మొత్తుకుంటుంది.

టార్షన్ బార్ ఉన్న పాత థార్‌లో బోల్టు తిప్పి ముందు భాగం లేపడం పైసా ఖర్చులేని పని. లేపినంత మేరా చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకరు దిగగానే డబ్‌మని కొడుతుంటే బోల్టు ఎక్కువ తిప్పారని అర్థం.

కమాను పట్టీల బండికి వెనక పొడవు షాకిలు (కమాను చివరను చాసిస్‌కు కలిపే ఊగే పట్టీ) వేస్తారు. షాకిలు ఎంత పొడవు పెంచితే అందులో సగమే లిఫ్ట్ వస్తుంది. కమానుకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం వెనక మాత్రమే చేయదగ్గది. అదీ ఒకే దిమ్మ. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ముందు ఇరుసుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరిగి దిమ్మ జారితే స్టీరింగు మీ చేతిలో ఉండదు. సాలూరు లారీ పనులకు పేరున్న ఊరు, కమాను పని చేతిలో ఉన్నవాళ్లు అక్కడ దొరుకుతారు. అయితే లారీ కమాను బరువు మోయడానికి కడతారు. అదే లెక్కన బొలెరోకు రెండు పట్టీలు అదనంగా వేస్తే ఖాళీ బండి వెనక భాగం గులకరోడ్డు మీద ఎగిరెగిరి పక్కకు జారుతుంది.

బండి లేచేది 25 మి.మీ. దాకా అయితే, మంచి కంపెనీ స్పేసర్‌తో, అలైన్‌మెంట్ చేయించుకుంటే భరించవచ్చు. 50 మి.మీ. లేపే స్పేసరు ఎవరు చెప్పినా వద్దు.

4. స్ప్రింగులు, షాకులు కలిపి వచ్చే పూర్తి కిట్, 40–50 మి.మీ.

నిజంగా లిఫ్ట్ అవసరమైతే దారి ఇది. స్ప్రింగు పొడవుకు తగిన పొడవు షాకు వస్తుంది కాబట్టి చక్రం పైకీ కిందికీ కదిలే చోటు మిగులుతుంది. ఖర్చు బ్రాండును బట్టి లక్ష దాటొచ్చు. కొనే ముందు అడగాల్సింది ఎంత ఎత్తు అని కాదు, పెట్టెలో ఇంకేం ఉన్నాయి అని.

జిమ్నీ లాంటి నిండు ఇరుసు బండిని లేపగానే ముందు ఇరుసు కాస్త ముందుకు దొర్లి క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. అప్పుడు హైవే మీద స్టీరింగు తనంత తాను మధ్యకు రాదు, బండి ఊగిసలాడుతుంది. దీనికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు కావాలి. ఇరుసును పక్కకు కదలకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్డు వాలు పెరగడంతో ఇరుసు మొత్తం ఒక పక్కకు జరుగుతుంది. పొడవు మార్చుకునే రాడ్డు వేసి మధ్యకు తేవాలి. థార్, స్కార్పియో లాంటి వాటికి కోణం సరిచేసిన పై ఆర్మ్‌లు అవసరమవుతాయి. ఇవేవీ లేకుండా స్ప్రింగులూ షాకులూ మాత్రమే అమ్మే కిట్ సగం కిట్.

బ్రేకు గొట్టాలు మరో విషయం. చక్రం పూర్తిగా వేలాడేలా జాకీ మీద లేపి, స్టీరింగు చివరిదాకా తిప్పి చూడండి. రబ్బరు గొట్టం బిగుసుకుంటే పొడవుది వేయించాలి. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకు కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. వెనక లేపితే బండి ఖాళీగా ఉందని అది భ్రమపడి వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. కడ్డీని సర్దకపోతే బండి నిండా మనుషులున్నా వెనక బ్రేకు సగమే పడుతుంది. దీన్ని చూడని మెకానిక్‌లే ఎక్కువ.

5. బాడీ లిఫ్ట్

చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. ఇంజిను, చాసిస్ కింద ఉండిపోతాయి కాబట్టి గరిమనాభి తక్కువే లేస్తుంది, జాయింట్ల కోణాలు మారవు. అయితే చాసిస్ కింద ఖాళీ ఏమీ పెరగదు, టైరుకు చోటొక్కటే వస్తుంది. స్టీరింగు రాడ్డు, డీజిల్ పోసే గొట్టం, ఎర్త్ వైర్లు అన్నీ సాగుతాయి. బాడీని పట్టుకునే బోల్టులు పొడవై, గుద్దినప్పుడు వంగే అవకాశం పెరుగుతుంది. తీరం దగ్గర ఉప్పుగాలికి ఆ బోల్టులు తుప్పుపట్టడం వేరే తలనొప్పి. కుటుంబం ఎక్కే బండికి వద్దు.

6. మూడంగుళాలు, ఆపైన, 33 అంగుళాల టైర్లు

పోటీల కోసం లోబెడ్ మీద ఎక్కించుకెళ్లే బండికైతే సరే. డిఫరెన్షియల్ పళ్ల నిష్పత్తి, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగు అన్నీ మార్చాలి. 285/75 ఆర్16తో స్పీడోమీటరు 100 చూపితే నిజంగా 108లో ఉంటారు. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి జారకుండా సరిదిద్దే ఈఎస్‌పీ కంపెనీ ఎత్తుకూ టైరుకూ లెక్కగట్టినవి. ఇంత మార్చాక అవి సమయానికి సరిగ్గా అందుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు, ఆర్‌సీకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా కన్నా పెద్ద దెబ్బ బీమా. చెప్పకుండా చేసిన మార్పుతో ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది, అవతలి మనిషి గాయపడితే పరిహారం చివరకు మీ మీద పడొచ్చు. సస్పెన్షన్ ముట్టుకునే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి జవాబు దాచుకోండి. మొదటి పద్ధతికి ఈ బాధలేవీ లేవు.

ఎవరికి ఏది

విశాఖకూ బరంపురానికీ హైవే మీద తిరుగుతూ నెలకోసారి కొండెక్కే కుటుంబానికి: మొదటి పద్ధతి. టాప్ క్యారియర్ తీసేయండి, అది తీసేస్తే బండి ఇంకా మెరుగవుతుంది.

ఉద్దానంలో తోటలున్న రైతుకు: మొదటిది లేదా రెండోది. జీడిబస్తాలు వేసే బండికి మెత్తని పొడవు స్ప్రింగులు పనికిరావు, బరువుకు వెనక కూలబడి ముందు లేస్తుంది. పొట్ట తగిలే దారైతే ఎత్తు పెంచడం బదులు కింద స్కిడ్ ప్లేటు (పొట్ట భాగాన్ని కాపాడే లోహపు రేకు) వేయించండి.

సీతంపేట, సాలూరు వైపు కొండ దారుల్లో రోజూ పని ఉన్నవాళ్లకు, బంపరూ చాసిసూ నిజంగా తగులుతున్నాయంటే: అనుమతులు చూసుకుని నాలుగో పద్ధతి, 40 మి.మీ. దగ్గర ఆగండి. టైరు రెండో పద్ధతిలోదే ఉంచండి. లిఫ్ట్ చేశాం కదా అని టైరు కూడా పెంచాల్సిన పని లేదు.

ఇసుక కోసమే అయితే లిఫ్ట్ దండగ, గాలి తగ్గించడమే మందు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మన తీరం ఇసుక మీదికి బండి దింపవద్దు.

గెడ్డలు దాటడం కోసం లిఫ్ట్ చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. థార్‌కు కంపెనీ చెప్పే 650 మి.మీ. లోతు నిలకడ నీటి లెక్క. పారే నీటిలో రెండడుగులు చాలు, పెద్ద బండి కూడా తేలి కొట్టుకుపోతుంది. వెడల్పు టైర్లు బండిని ఇంకాస్త ముందే తేలుస్తాయి. సస్పెన్షన్ లిఫ్ట్ చేస్తే ఇరుసుల గాలి గొట్టాలు ఉన్నచోటే ఉంటాయి, వాటిని పైకి సాగదీయకపోతే గేరాయిల్లో నీళ్లు కలుస్తాయి. వంశధార, నాగావళి పొంగినప్పుడు కాజ్‌వే ఎక్కడానికి ఏ లిఫ్టూ చాలదు.

చేయించాక చూసుకోవాల్సినవి

ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల బోల్టులను బండి నేల మీద, తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి ఉండిపోయి, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కమాను యూ బోల్టులు పాతవి మళ్లీ వాడకూడదు. మొదటి 100 కిలోమీటర్లకు, మళ్లీ 500 దాటాక అన్నీ టార్క్ రెంచితో సరిచూడాలి. కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించి, క్యాస్టర్ అంకె ఉన్న కాగితం తీసుకోండి, "సరిపోయిందండీ" అన్న మాట సరిపోదు. ఖాళీ స్థలంలో 40 వేగంలో గట్టిగా బ్రేకు వేసి బండి ఒక పక్కకు లాగుతోందేమో చూడండి. హెడ్‌లైట్లు కిందికి దింపించండి. ముందు భాగం లేచాక ఆ వెలుగు నేరుగా ఎదుటి బైకు మనిషి కళ్లలో పడుతుంది.